గ్రైప్: కడుపులోంచి నోటికెక్కిన మాట

(నెల్లూరులో ఆంగ్ల అధ్యాపకులు, డిగ్రీ విద్యార్థులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగానికి పాఠం)

సభాధ్యక్షులకు, తోటి అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

అసంతృప్తిని వెళ్ళగక్కడానికి ఇంగ్లిషులో మాటలకు కొదవలేదు. వాటిలో 'గ్రైప్' అనే ఒక్క మాటను పట్టుకొని ఈ పూట మాట్లాడదలచుకున్నాను. ఇంగ్లిషు అక్షరం ముక్క రాని మన నాయనమ్మలు, అమ్మమ్మలు కూడా నోరారా పలికిన మాట కాబట్టి దీనిని ఎంచుకున్నాను. పసిబిడ్డ కాళ్ళు కడుపులోకి ముడుచుకొని గుక్కపట్టి ఏడుస్తుంటే 'కడుపులో గాలి చేరినట్టుంది, కాస్త గ్రైప్ వాటర్ పట్టండి' అనే సలహా మన ఇళ్ళలో ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. ఆ సీసా మీద ఉన్న గ్రైప్, సెల్‌ఫోన్ల సమీక్షలో 'మై ఓన్లీ గ్రైప్' అంటూ కనిపించే గ్రైప్ ఒకే మాట అని తరగతిలో చెబితే, పిల్లలు నేను నవ్వించడానికి చెబుతున్నాననుకుంటారు.

ముందుగా దాని పుట్టుక చూద్దాం. ప్రాచీన ఆంగ్లంలో 'గ్రీపన్' అనే క్రియ ఉండేది. పట్టుకోవడం, చేజిక్కించుకోవడం దాని అర్థం. ఇదే అర్థంలో నేటికీ జర్మనులు వాడే 'గ్రైఫెన్' దీనికి దాయాది. ఇంగ్లిషులోనే ఉన్న 'గ్రిప్', చీకట్లో తడుముకోవడాన్ని చెప్పే 'గ్రోప్' దీని తోబుట్టువులు. షేక్‌స్పియర్ కాలంలో గ్రైప్ అంటే పిడికిటి పట్టు అనే అర్థం చక్కగా వాడుకలో ఉంది. తన తరువాత తన వంశానికి దక్కని రాజదండం గురించి మాక్బెత్ వాపోయేటప్పుడు, అది తన 'గ్రైప్'లో ఉందనే అంటాడు. అదే మాటను ఇవాళ మనం రాయవలసి వస్తే 'గ్రిప్' అని రాస్తాం.

సుమారు 1600 ప్రాంతంలో ఈ మాట చేతిని వదిలి కడుపులోకి దిగింది. పేగులను ఎవరో లోపలినుంచి పట్టి మెలిపెడుతున్నట్టుగా వచ్చి, కాసేపు సడలి, మళ్ళీ వచ్చే నొప్పికి 'గ్రైప్స్' అనే పేరు స్థిరపడింది. వైద్యుల భాషలో ఈ అర్థం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. విరేచనానికి వాడే సునాముఖి ఆకు గురించి చదివితే, అది 'గ్రైపింగ్' కలిగించవచ్చన్న హెచ్చరిక కనిపిస్తుంది. అక్కడ సునాముఖి ఎవరి మీదా ఫిర్యాదు చేయడం లేదు, కడుపులో మెలిపెడుతుందని మాత్రమే భావం. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల తయారీదారు పసిపిల్లల కోసం తయారుచేసిన నీళ్ళమందుకు గ్రైప్ వాటర్ అనే పేరు రావడం కూడా ఈ అర్థంలోనే. తొలినాటి మందులో సోపు జాతికి చెందిన గింజల నూనె, వంటసోడా, చక్కెర, నీళ్ళతో పాటు కొంత ఆల్కహాల్ కూడా ఉండేది కనుక, పాత తరం పసివాళ్ళు అంత తొందరగా ఏడుపు మాని నిద్రలోకి జారుకోవడంలో ఎవరి ఘనత ఎంతో తేల్చి చెప్పడం కష్టం. మన ఇళ్ళలో ఆ పని వామునీళ్ళు చేశాయి, వసకొమ్ము చేసింది. వస అరగదీసి నాకిస్తే బిడ్డకు కడుపు నెమ్మదించడమే కాక మాటలు కూడా బాగా వస్తాయని పెద్దల నమ్మకం. అందుకే అదేపనిగా మాట్లాడేవాడిని వసపిట్ట అంటాం. కడుపు మందుకూ నోటి వాగుడుకూ ముడిపెట్టడంలో మనమూ తక్కువ తినలేదు.

కడుపులోని ఈ నొప్పి నోటికెక్కినది అమెరికాలో, అదీ 20వ శతాబ్దంలో. అప్పటికే అమెరికన్లు అదేపనిగా గొణిగేవాడిని 'బెల్లీఏక్' చేస్తున్నాడని, అంటే కడుపునొప్పి పడుతున్నాడని వెక్కిరించేవారు. ఆ దారిలోనే 1930ల నాటి అమెరికన్ వాడుకభాషలో గ్రైప్‌కు కూడా గొణుగుడు, అసంతృప్తి అనే అర్థం వచ్చి చేరింది. 'దట్ గ్రైప్స్ మీ' అనే పాత అమెరికన్ ప్రయోగంలో ఈ మార్పు జరుగుతున్న క్షణం మనకు దొరుకుతుంది. ఆ వాక్యంలో ఎదుటి విషయం నన్ను పట్టి పిండుతోంది, నేను ఇంకా ఏమీ అనలేదు. 'ఐ గ్రైప్ అబౌట్ ఇట్' అన్నప్పుడు పిండించుకున్నవాడు నోరు విప్పాడు. యూదుల ఈడిష్ భాషనుంచి అమెరికన్ ఇంగ్లిషులోకి వచ్చిన 'క్వెచ్' అనే మాటకు కూడా మూలార్థం పిండడం, నొక్కడం. ఇంగ్లిషులో దాని అర్థం సణగడం. పట్టి పిండితే లోపలినుంచి మూలుగు వస్తుందన్న ఊహ వేరువేరు భాషల వాళ్ళకు విడివిడిగా తట్టిందన్నమాట.

ఆ ఊహ మనకూ తట్టింది. 'పట్టు' అనే క్రియను తీసుకోండి. చేత్తో పట్టడం మొదటి అర్థం. నడుం పట్టేసింది, మెడ పట్టేసింది అన్నప్పుడు అది నొప్పి. రొంప పట్టింది, జలుబు పట్టింది అన్నప్పుడు అది రోగం. ఫ్రెంచి వాళ్ళు ఫ్లూ జ్వరాన్ని 'గ్రిప్' అంటారు, అది కూడా పట్టుకోవడం అనే మూలంనుంచి వచ్చినదే కాబట్టి పారిస్‌లో జ్వరం పట్టినా నెల్లూరులో రొంప పట్టినా భాష చేసిన పని ఒక్కటే. అక్కడితో ఆగక మన పట్టు ఇంకో అడుగు వేసి 'తప్పు పట్టడం' దాకా వచ్చింది. పెళ్ళివారి 'పట్టింపులు' కూడా ఈ గూటివే. చేతినుంచి ఒంటికి, ఒంటినుంచి నోటికి గ్రైప్ నడిచిన దారిలోనే మన పట్టు కూడా నడిచింది. గ్రైప్ అర్థాన్ని నిఘంటువు చూసి బట్టీ పట్టే విద్యార్థికి ఈ పోలిక ఒక్కటి చూపిస్తే ఇక ఆ మాట మరచిపోడు.

అయితే కడుపు విషయంలో మాత్రం మనకూ ఇంగ్లిషువారికీ దారి చీలుతుంది. తెలుగులో కడుపు బాధలకే కాదు, ఓర్పుకు కూడా నెలవు. 'మావాడు తెలియక అన్నాడు, కడుపులో పెట్టుకోండి' అని పెద్దమనిషిని వేడుకుంటాం. ఎదుటివాడి తప్పును కడుపులో దాచుకోవడం మన భాషలో క్షమ. తన వాళ్ళ తప్పును నలుగురిలో చెప్పుకోబోయేవాడికి 'కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది' అనే సామెత సిద్ధంగా ఉంటుంది. ఇంగ్లిషు గ్రైప్ కడుపులో నిలవనిదానికి పేరైతే, మన నుడికారం కడుపులో నిలుపుకున్నవాడిని మెచ్చుకుంటుంది. దీనినిబట్టి తెలుగువారు ఓర్పుగలవారనీ, ఇంగ్లిషువారు సణుగుడుగాళ్ళనీ ఎవరైనా తీర్మానించబోతే, వారిని ఒక్క పూట మన ఆత్మకూరు బస్టాండులో నిలబెట్టి, రావలసిన బస్సు రానప్పుడు చుట్టూ వినిపించే మాటలు వినమని కోరుతున్నాను.

ఆ బస్టాండులో వినిపించేదే నికార్సైన గ్రైప్. బస్సు ఆలస్యానికి కారణమైనవాడు అక్కడ లేడు. వింటున్న తోటి ప్రయాణికుడు ఏమీ చేయలేడు. చెబుతున్నవాడు కూడా ఏదో జరుగుతుందని ఆశించి చెప్పడం లేదు. బాధ చిన్నది, కాని పదేపదే తగిలేది. ఈ లక్షణాల వల్లనే దీని వాడుకలో కొన్ని కట్టుబాట్లు ఏర్పడ్డాయి. కంప్లయింట్‌ను 'లాడ్జ్' చేస్తారు, 'ఫైల్' చేస్తారు. గ్రైప్‌ను సాధారణంగా అలా చేయరు. గ్రైప్‌కు రసీదు ఉండదు, నంబరు ఉండదు. దానిని నలుగురిలో గాలికి వదులుతారు, అందుకే 'ఎయిర్' అనే క్రియ దానికి నప్పుతుంది. విషయాన్ని చెప్పేటప్పుడు 'అబౌట్' వస్తుంది, ఒక మనిషి మీద విసుక్కుంటే 'ఎట్' వస్తుంది. విశేషణాలలో 'మైనర్', 'ఓన్లీ' దానికి ఇష్టమైన జోడీలు. 'లెజిటిమేట్ గ్రైప్' అనే ప్రయోగం కూడా ఉంది, కాని ఆ విశేషణం చేర్చవలసి రావడమే ఈ మాట పరువు ఎంతటిదో చెబుతోంది; మామూలుగా గ్రైప్‌లో న్యాయం ఉంటుందని ఎవరూ అనుకోరు కాబట్టి, ఇందులో ఉందని ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది. అక్షరక్రమం దగ్గర కూడా జాగ్రత్త అవసరం. కథ పాఠకుణ్ణి కట్టిపడేసిందని చెప్పడానికి 'గ్రిప్పింగ్' అని రెండు 'పి'లతో రాయాలి. ఒక 'పి' తగ్గితే ఆ కథ సణుగుతోందని గాని, చదివినవారికి కడుపునొప్పి తెప్పిస్తోందని గాని అర్థం వస్తుంది. కొన్ని కథల విషయంలో అదీ నిజం కావచ్చు.

దీని చుట్టుపక్కల మాటలను త్వరగా చూసి ముందుకు వెళదాం. 'కంప్లయింట్' లాటిన్‌లో గుండెలు బాదుకోవడాన్ని తెలిపే ధాతువునుంచి వచ్చింది. నెత్తీనోరూ కొట్టుకోవడం అనే మన పలుకుబడి పక్కన దానిని కూర్చోబెట్టవచ్చు. 'గ్రౌజ్' 19వ శతాబ్దం చివర బ్రిటిష్ సైనికుల వాడుకభాషగా పైకి వచ్చింది, లాహోరులోనూ అలహాబాదులోనూ పత్రికలలో పనిచేసిన కిప్లింగ్ రచనలు దానికి తొలి అచ్చు ఆధారాలలో ఉన్నాయి. అదే పేరుగల అడవికోడి వంటి పక్షికీ దీనికీ చుట్టరికం ఉన్నట్టు రుజువు లేదు. మన దేశపు ఇంగ్లిషు పత్రికలకు గ్రైప్ కన్నా గ్రౌజ్ మీదే మోజు ఎక్కువ. 'కార్ప్' అంటే ప్రతిదానికీ వంక పెట్టడం. చెరువుల్లో బొచ్చె, శీలావతి పెంచే మన జిల్లా రైతులకు కార్ప్ అనగానే చేప గుర్తుకొస్తుంది, కాని ఆ చేపకూ ఈ వంకలకూ సంబంధం లేదు. 'వింజ్' బ్రిటన్, ఆస్ట్రేలియాల మాట; అందులో పసిపిల్లల రాగం ఉంటుంది, అన్నవాడికి కోపం కూడా ఉంటుంది.

'గ్రీవెన్స్' దగ్గర మాత్రం ఆగవలసిందే. లాటిన్‌లో బరువైనది అని అర్థం ఇచ్చే 'గ్రావిస్' దీనికి మూలం. భూమ్యాకర్షణను తెలిపే గ్రావిటీ దీని బంధువే. ఈ మాట మన పల్లెల్లోకి ఎంతగా వెళ్ళిందంటే, సోమవారం నాడు నెల్లూరు కలెక్టరేటుకో ఒంగోలులోని ప్రకాశం భవనానికో అర్జీ పట్టుకొని బయలుదేరిన రైతును ఎక్కడికని అడిగితే 'గ్రీవెన్స్‌కు పోతా ఉండా' అంటాడు. ప్రభుత్వాలు ఆ కార్యక్రమానికి మీకోసం అన్నా, స్పందన అన్నా, ప్రజా సమస్యల పరిష్కార వేదిక అన్నా, ఆయన నోట్లో అది గ్రీవెన్సే. బాధకు ఉన్న పేరు ఆ బాధను వినే రోజుకూ వినే చోటుకూ అంటుకుపోయింది. ఇదే రైతు తన పాస్‌పుస్తకంలో విస్తీర్ణం తప్పు పడిందని ఇంగ్లిషులో అర్జీ రాయించుకొనేటప్పుడు, ఆ రాసే డిగ్రీ విద్యార్థి నిఘంటువులో రెండూ ఒకే వరుసలో ఉన్నాయి కదా అని 'ఐ హావ్ ఎ గ్రైప్' అని రాశాడనుకోండి, ఆ అర్జీ తన నోటితో తానే 'నాది పెద్ద విషయమేమీ కాదు' అని చెప్పుకున్నట్టవుతుంది. వ్యాకరణ దోషం ఒక్కటీ లేకుండానే రైతుకు అన్యాయం జరుగుతుంది.

ఈ ప్రసంగంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. అసంతృప్తిని తెలిపే మాటలన్నీ పైకి జరిగిన సంగతిని చెబుతున్నట్టు కనిపిస్తాయి, కాని వాటిలో ప్రతి ఒక్కటీ ఆ బాధ ఎంత బరువైనదో ముందే తూకం వేసి చెబుతుంది. నా చిన్న వెలితిని నేనే గ్రైప్ అంటే అది వినయం. మరొకరి బాధను నేను గ్రైప్ అంటే అది తీర్పు, అదీ విచారణ లేకుండా ఇచ్చిన తీర్పు. తెలుగులో కూడా ఒకే మనిషి ఒకే సంగతి చెబుతున్నప్పుడు, వినేవాడికి ఆయన మీద గౌరవం ఉంటే అది మొర, జాలి ఉంటే గోడు, విసుగు ఉంటే నస. 'మొర ఆలకించడం' అంటాం కాని 'నస ఆలకించడం' అని ఎవరూ అనరు. పారసీకంనుంచి వచ్చిన 'ఫిర్యాదు'కు కూడా మూలంలో ఆర్తనాదం అనే అర్థం ఉంది. కచేరీల్లో నలిగి నలిగి అందులోని ఆర్తి ఆరిపోయి, కాగితం మిగిలింది.

ఈ తూకం ఎంతటి పని చేయగలదో చూడటానికి మనం దూరం వెళ్ళనక్కరలేదు. కూలి డబ్బులు సారా దుకాణంలో పోసి వచ్చిన భర్తను భార్య నిలదీస్తే, దానికి ఊళ్ళో ఉన్న పేరు సణుగుడు. ఆ మాట ఉన్నంతకాలం అది ఆ ఇంటి గోడల మధ్య గొడవ. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు, కలిగిరి మండలం దూబగుంటలో స్త్రీలు రాత్రిపూట చదువుకు కూర్చున్నారు, సారా వల్ల చితికిన సంసారం గురించి పాఠంగా చదివారు, ప్రతి ఇంట్లోనూ విడివిడిగా సణుగుడు అనిపించుకున్నది అందరిదీ ఒకే కష్టమని ఒకచోట కూర్చున్నందువల్ల తెలుసుకున్నారు. రోశమ్మ వంటి వారు ముందు నిలిచి ఊళ్ళో సారా దుకాణాన్ని మూయించారు. 1992లో ఆ కదలిక జిల్లా అంతటా పాకి సారా వేలంపాటలను అడ్డుకొనే దాకా వెళ్ళింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. తరువాత ఆ నిషేధాన్ని సడలించిన సంగతి వేరు. స్త్రీలు చెప్పిన సంగతి మొదటినుంచీ ఒక్కటే, దానిని పిలిచే పేరు మాత్రం సణుగుడునుంచి ఉద్యమానికి మారింది.

ఇంకొకటి ఒంటి నొప్పికి సంబంధించినది కాబట్టి మన మాటకు మరీ దగ్గరది. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోవే. ఆ ఊళ్ళలో నడుం పట్టేసిందని, మోకాళ్ళు పట్టేశాయని, మెడ తిరగడం లేదని చెప్పుకొనే మనుషులను వయసు మీద పడినవారి మూలుగుగానో, పని తప్పించుకొనేవారి సాకుగానో కొట్టిపారేయడం ఎంత సులభమో ఆలోచించండి. 1937లో మద్రాసు రాజధానికి చెందిన వైద్య పరిశోధకులు ఆ ప్రాంతాన్ని పరిశీలించి, అది తాగునీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలకు వస్తున్న రోగమని వెల్లడించారు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను గుర్తించిన తొలి సందర్భంగా వైద్య గ్రంథాలు దీనినే పేర్కొంటాయి. 'పట్టేసింది' అన్నవాడు ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. అతని మాటలో అలంకారం లేదు, అతిశయోక్తి లేదు. వినేవాడి చెవిలో మాత్రం అది కొన్నాళ్ళు గ్రైప్, మరి కొన్నాళ్ళకు గ్రీవెన్స్. నల్లమల కొండల కింద సొరంగాలు తవ్వి శ్రీశైలం జలాలను ఆ ప్రాంతానికి తేవాలన్న వెలిగొండ ప్రాజెక్టు వెనుక కరువుతో పాటు ఈ నీటి బాధ కూడా ఉంది.

గ్రైప్‌కు తెలుగులో సరైన మాట ఏదని అధ్యాపక మిత్రులు అడుగుతుంటారు. కొందరు 'నిష్ఠూరం' అని సూచించారు. నేను ఒప్పుకోను. సంస్కృతంలో నిష్ఠురం అంటే కఠినమైనది. తెలుగులోకి వచ్చాక ఆ మాట చుట్టరికాల మధ్య తిరిగి తిరిగి మెత్తబడింది. 'ఇంట్లో శుభకార్యం చేసుకొని మాకు ఒక్క మాటైనా చెప్పలేదే వదినా' అన్నది నిష్ఠూరం. అది ఎవరివల్ల బాధ కలిగిందో వారి ముఖం మీదే అనేది. పరాయివారిని ఎవరూ నిష్ఠూరమాడరు, దానికి ముందు దగ్గరితనం ఉండాలి. గ్రైప్‌కు దగ్గరితనంతో పనిలేదు, బాధకు కారణమైనవాడు ఎదుట ఉండవలసిన అవసరమూ లేదు. ఇంకా చెప్పాలంటే, నిష్ఠూరానికి జవాబు రావాలి. 'అయ్యో, తొందరలో పొరపాటైంది, ఏమనుకోకు' అన్న మాట వస్తే అది తీరిపోతుంది. గ్రైప్ అలా తీరేది కాదు. రేపు బస్సు వేళకు వచ్చినా సీటు దొరకలేదన్న గ్రైప్ మిగులుతుంది.

కనుక ఒకే మాటకు ఒకే మాట అన్న పట్టు వదిలి, వాక్యాన్ని చూసి అనువదించమని నా సలహా. ఫోను గురించి రాస్తూ 'మై ఓన్లీ గ్రైప్ ఈజ్ ది బ్యాటరీ' అంటే 'బ్యాటరీ ఒక్కటే వెలితి' అంటే చాలు. అక్కడ ఫిర్యాదు అని రాస్తే వినియోగదారుల ఫోరానికి వెళ్ళినంత హడావిడి అవుతుంది. 'హి ఈజ్ ఆల్వేస్ గ్రైపింగ్' అన్నప్పుడు 'ఎప్పుడూ ఏదో ఒకటి సణుగుతూనే ఉంటాడు' అనవచ్చు, సణుగుడులో ఉన్న చిన్నచూపు ఇంగ్లిషులోనూ ఉంది. 'గ్రైప్ సెషన్' అనే ప్రయోగానికి 'గోడు వెళ్ళబోసుకోవడం' అన్నవారున్నారు, కాని గోడులో ఉన్న దైన్యం ఆఫీసు క్యాంటీనులో టీ తాగుతూ పై అధికారిని ఆడిపోసుకొనే ఆ కబుర్లలో లేదు. 'అక్కసు తీర్చుకోవడం' దగ్గరగా వస్తుంది. ఇక 'ది వర్కర్స్' గ్రైప్స్' అని ఎక్కడైనా పత్రికలో కనిపిస్తే, అనువాదకుడు ఒక్క క్షణం ఆగి, ఆ మాట కార్మికులది కాదనీ, వారి గురించి రాసినవారిదనీ గమనించి, ఆ చిన్నచూపును తెలుగులోకి తేవాలా, లేక కార్మికుల కోరికలు ఏమిటో చదివి తెలుసుకొని వాటికి తగిన పేరు తానే పెట్టాలా అన్నది నిర్ణయించుకోవాలి. నేనైతే మొదటిదే చేస్తాను, ఎందుకంటే రాసినవారి తీర్పును దాచిపెట్టడం అనువాదకుడి పని కాదు. దీనితో ఏకీభవించనివారు ఈ సభలోనే ఉన్నారని నాకు తెలుసు. వారి వాదన వినడానికి ఇక్కడ ఆపుతున్నాను.